బీబీసీ మైక్రోకు కొత్త ప్రింటర్ కట్టుకోవడం: యాక్ తీగ నుంచి 576 చుక్కల దాకా

మీరు అడిగినదాన్ని నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో తేల్చుకోవడానికి ముందుగా నా మాటల్లో చెబుతాను. పాఠశాలల్లో కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మీ నాన్నగారు పాఠాలు చెప్పిన పాఠశాలకు 1980ల నాటి బ్రిటిష్ కంప్యూటర్ బీబీసీ మైక్రో మోడల్ బి ఒకటి వచ్చింది. పాఠశాల దాన్ని తీసేసినప్పుడు నాన్నగారు ఇంటికి తెచ్చుకున్నారు, ఇప్పుడది బెంగళూరులో మీ బల్లమీద పనిచేస్తూనే ఉంది. దాంతోపాటు వచ్చిన తొమ్మిది పిన్నుల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో మూడు పిన్నులు కొట్టడం మానేశాయి, రిబ్బన్ కూడా దొరకడం లేదు. నాన్నగారు రాసిన ప్రోగ్రాముల లిస్టింగులు, ఆయన తెలుగు అక్షరాలతో తయారుచేసిన ఎక్కాల పట్టిక, తెరమీది బొమ్మలు కాగితం మీద చూసుకోవాలని మీ కోరిక. అందుకు పాత ప్రింటర్ స్థానంలో నిలిచేదాన్ని సొంతంగా కట్టుకోవచ్చా అని అడిగారు.

కట్టుకోవచ్చు. 80 మిల్లీమీటర్ల థర్మల్ కాగితం మీద వేడితో అచ్చువేసే బిల్లు ప్రింటర్ ఒకటి, రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఒకటి, నాలుగు చిన్న చిప్పులు ఉంటే చాలు. నేను 1986 నుంచి పద్దెనిమిదేళ్లు ఈ ఊళ్లోనే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను, ఆ తర్వాత ఇటువంటి మార్పిడి పెట్టెలు మూడు కట్టాను. ఆ మూడింటిలోనూ నాకు కష్టమైంది కాగితాన్ని కదిలించే యంత్రభాగం కాదు. కంప్యూటర్‌తో చెయ్యి కలపడం, పాత ప్రింటర్ భాషను తప్పులేకుండా అర్థం చేసుకోవడం, ఈ రెండే కష్టమయ్యాయి. అందుకని ఈ సమాధానంలో ఎక్కువ భాగం వాటికే ఇస్తాను.

పని మొదలుపెట్టేముందు రెండు పరీక్షలు చేయండి. పాత ప్రింటర్ హెడ్డు ఊడదీసి, దాని పట్టీ కేబుల్ దగ్గర ఒక్కో పిన్ను కాయిల్‌కు మల్టీమీటర్ పెట్టి నిరోధం కొలవండి. తొమ్మిదీ ఒకే విలువ చూపిస్తే కాయిల్స్ బాగున్నట్టే, పిన్నులు ఎండిన సిరాతో బిగుసుకున్నాయని అర్థం. అప్పుడు హెడ్డు ముఖాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక రాత్రి నానబెట్టి, మెత్తటి గుడ్డమీద పిన్నుల చివరలను మెల్లగా అద్దితే చాలాసార్లు కదులుతాయి. ఏ కాయిల్ దగ్గరైనా మీటరు ఏమీ చూపకపోతే లోపల తీగ తెగిందని తెలుసుకుని ఆ హెడ్డును వదిలేయండి. రెండో పరీక్ష కంప్యూటర్‌ది. బీబీసీ మైక్రో విద్యుత్ సరఫరా పెట్టెలో మెయిన్స్ వైపున 0.1, 0.01 మైక్రోఫారడ్ విలువలున్న రెండు కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. వయసు మీరేకొద్దీ వాటి పైపూత పగిలి, తేమ పీల్చుకుని, ఒకరోజు దట్టమైన పొగతో పోతాయి. అవి ఇప్పటివరకు మార్చకపోయి ఉంటే ప్రింటర్ సంగతి తర్వాత చూసుకుని ముందు వాటిని మెయిన్స్‌కు తగిన ఎక్స్2 రకం కొత్తవాటితో మార్పించండి. మెయిన్స్ పని తెలిసినవారి చేతనే చేయించండి.

కొత్తగా కొనడమే మీకు సులభమనిపిస్తే ఎప్సన్ ఎల్ఎక్స్-310 వంటి తొమ్మిది పిన్నుల ప్రింటర్‌కు ఇప్పటికీ ప్యారలల్ పోర్టు ఉంది, అది పాత ఎప్సన్ భాషనే మాట్లాడుతుంది. లిస్టింగులు మాత్రమే కావాలనుకునేవారికి నేను అదే చెబుతాను. మీరు కట్టాలని అడిగారు కాబట్టి, తెలుగు అక్షరాల విషయంలో సొంత పెట్టెకు ఒక మేలు కూడా ఉంది కాబట్టి, కట్టే దారినే వివరిస్తాను.

మొదట కేబుల్ సంగతి. బీబీసీ మైక్రో అడుగుభాగంలో 26 పిన్నుల ప్రింటర్ కనెక్టర్ ఉంటుంది. ఒకటో పిన్ను స్ట్రోబ్, అంటే బైటు సిద్ధంగా ఉందని కంప్యూటర్ చెప్పే తీగ. మూడు నుంచి పదిహేడు వరకు బేసి సంఖ్యల పిన్నులు వరుసగా ఎనిమిది డేటా తీగలు. పందొమ్మిదో పిన్ను అక్నాలెడ్జ్, పనివాళ్ల మాటలో యాక్, అంటే బైటు అందిందని ప్రింటర్ చెప్పే తీగ. సరి సంఖ్యల వైపు దాదాపు అంతా గ్రౌండ్. ఇందులో బిజీ తీగ లేదని గమనించండి. ప్యారలల్ ప్రింటర్ గురించి దొరికే వివరణల్లో చాలావరకు ఐబీఎం పీసీని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ‘బిజీ తీగను పైకి ఎత్తితే కంప్యూటర్ ఆగుతుంది, దించితే మళ్లీ పంపుతుంది’ అని వాటిలో ఉంటుంది. బీబీసీ మైక్రోకు ఆ తీగ అసలు చేరదు. అది ఒక బైటును డేటా తీగల మీద పెట్టి, స్ట్రోబ్‌ను ఒకసారి కిందికి దించి పైకి ఎత్తి, ఆపై యాక్ తీగ మీద కిందికి దిగే అంచు కోసం ఎదురుచూస్తుంది. ఆ అంచు వచ్చేదాకా రెండో బైటు రాదు. ఎప్పటికీ రాకపోతే లోపలి చిన్న ప్రింటర్ బఫరు నిండి, కంప్యూటర్ కదలకుండా నిలబడిపోతుంది.

ఆ యాక్ తీగ చేరేది కంప్యూటర్‌లో ప్రింటర్ పోర్టును నడిపే 6522 చిప్పులోని సీఏ1 కాలికి. ఇక్కడ నాకు ఎదురైన ఇబ్బంది ఒకటి చెప్పాలి, మీకు రెండు సాయంత్రాలు మిగులుతాయి. నా మొదటి పెట్టెలో, తెరమీదికి వచ్చేది ప్రింటర్‌కు కూడా పంపించే కంట్రోల్-బి నొక్కి లిస్ట్ అని కొడితే మొదటి అక్షరం వచ్చేది, అక్కడితో అంతా ఆగిపోయేది. ప్రోగ్రాంలో తప్పుందనుకుని మొత్తం మళ్లీ రాశాను, ఫలితం మారలేదు. చివరికి తీగల మీది సంకేతాలను చూపించే లాజిక్ ఎనలైజర్ తగిలించి చూస్తే నేను పంపుతున్న యాక్ పల్స్ 300 నానోసెకన్లు మాత్రమే ఉంది. ఆ 6522 నడిచేది 1 మెగాహెర్ట్జ్ గడియారం మీద, అంటే ఒక్కో అడుగు 1,000 నానోసెకన్లు. దాని రెండు చూపుల మధ్యే నా పల్స్ వచ్చి వెళ్లిపోతోంది. పల్స్‌ను 10 మైక్రోసెకన్లకు పెంచగానే లిస్టింగు ధారగా వచ్చింది. పాత ఎప్సన్ ప్రింటర్లు కూడా దాదాపు అంత వెడల్పు పల్సునే పంపేవి. నేటి బోర్డుల వేగం ఇటువంటి చోట మనకు అడ్డమవుతుంది, కావాలని నెమ్మదించక తప్పదు.

ఈ పద్ధతిలో మనకు కలిసొచ్చే గుణం కూడా ఉంది. యాక్ వచ్చేదాకా కంప్యూటర్ డేటా తీగల మీది బైటును మార్చదు. కాబట్టి స్ట్రోబ్ పడిన క్షణంలోనే బైటును పట్టి ఉంచే లాచ్ చిప్పు మనకు అవసరం లేదు. స్ట్రోబ్‌కు ఇంటరప్ట్ పెట్టుకుని, తీరికగా ఎనిమిది తీగలను చదివి, బైటును బఫరులో వేసి, ఆ తర్వాత యాక్ పంపవచ్చు. ఇదే నియమం ఇంకో రోగానికీ మందు. కేబుల్ పొడవైనప్పుడు స్ట్రోబ్ అంచు వణికి, ఒక్కో అక్షరం రెండుసార్లు అచ్చవుతుంది. యాక్ పంపకముందే రెండో స్ట్రోబ్ వచ్చిందంటే అది తప్పకుండా దొంగ స్ట్రోబ్, దాన్ని పట్టించుకోవద్దని ప్రోగ్రాంలో ఒక షరతు రాస్తే సరిపోతుంది. దానికి తోడు స్ట్రోబ్ తీగలో 100 ఓముల రెసిస్టర్ పెట్టి, కేబుల్‌ను ఒకటిన్నర మీటర్లకు మించనివ్వకండి.

వోల్టేజీల విషయంలో పికో బోర్డు 3.3 వోల్టులది, బీబీసీ మైక్రో 5 వోల్టులది. పికో కాళ్లకు 5 వోల్టులు నేరుగా ఇవ్వకూడదు. డేటా తీగలను 3.3 వోల్టుల మీద నడిచే 74ఎల్‌వీసీ245 గుండా తీసుకోండి, ఆ చిప్పు 5 వోల్టుల ఇన్‌పుట్‌ను తట్టుకుంటుంది. స్ట్రోబ్‌ను 74ఎల్‌వీసీ1జీ17 అనే ష్మిట్ ట్రిగ్గర్ గుండా తెస్తే అంచు శుభ్రంగా ఉంటుంది. తిరుగుదారిలో యాక్ కోసం 5 వోల్టుల మీద నడిచే 74హెచ్‌సీటీ125లో ఒక గేటు వాడండి. పికో ఇంకా మేలుకోని ఆ కొద్ది సేపు దాని కాళ్లు ఏ సంకేతమూ ఇవ్వవు కాబట్టి, ఆ గేటు ఇన్‌పుట్‌కు పైకి లాగే 10 కిలోఓముల రెసిస్టర్ తప్పనిసరి. అది లేకపోతే దొంగ యాక్‌లు వెళ్లి అక్షరాలు మాయమవుతాయి. పికో పూర్తిగా సిద్ధమయ్యాక ఒక యాక్ పల్స్ తనంతట తానే పంపేలా రాయండి, అప్పటికే ఎదురుచూస్తూ నిలబడ్డ కంప్యూటర్ కదులుతుంది. ఈ చిప్పులన్నీ మన ఊరి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డులో దొరుకుతాయి. అయితే 74ఎల్‌వీసీ అడిగితే 74ఎల్ఎస్ చేతిలో పెట్టే అవకాశం ఉంది, కాబట్టి చిప్పు మీది అచ్చు చదివి తీసుకోండి.

ఒకవేళ పొరపాటున 6522 కాలిపోతే అది మోడల్ బి బోర్డులో ఐసీ69. దాని స్థానంలో ఇప్పుడు తయారయ్యే వెస్టర్న్ డిజైన్ సెంటర్ చిప్పు పెట్టవచ్చు. కాకపోతే డబ్ల్యూ65సీ22ఎన్ రకమే తీసుకోవాలి. ఎస్ అక్షరంతో ముగిసేదాని ఇంటరప్ట్ కాలు ఇతర చిప్పులతో ఒకే తీగను పంచుకోలేదు, పాత బోర్డులో దాన్ని పెట్టకూడదు.

ఇక ప్రింటర్ భాష. 1980లో వచ్చిన ఎప్సన్ ఎంఎక్స్-80, 1983లో వచ్చిన ఎఫ్ఎక్స్-80 ప్రింటర్ల ఆదేశాలనే ఆ కాలపు ప్రోగ్రాములు నమ్ముకున్నాయి. వీడీయూ అంటే తెరకు, ప్రింటర్‌కు కోడులు పంపే బేసిక్ ఆదేశం. మీ నాన్నగారి ప్రోగ్రాముల్లో వీడీయూ 1,27 అని కనిపిస్తే అది ఎస్కేప్ ఆదేశానికి, అంటే ఎస్కేప్ అనే 27వ కోడుతో మొదలయ్యే ప్రింటర్ ఆదేశానికి, మొదలు. ఇవన్నీ మీ పెట్టెకు తెలియాలి. బిల్లు ప్రింటర్ కూడా ఎస్కేప్ ఆదేశాలే తీసుకుంటుంది కదా, అదే భాష కదా అని కొందరు బైట్లను నేరుగా దానికి పంపిస్తారు. ఆ రెండూ ఒకే ఇంటి పేరున్న వేర్వేరు భాషలు. ఎస్కేప్ కె అంటే ఎఫ్ఎక్స్-80కి ఒక వరుస బొమ్మ చుక్కలు, బిల్లు ప్రింటర్‌కు దాని అర్థం వేరు, చాలావాటికి అర్థమే లేదు. అందుకని బిల్లు ప్రింటర్‌ను అక్షరాలు అచ్చువేసే యంత్రంగా చూడకండి. చుక్కల వరుసలు దించే హెడ్డుగా మాత్రమే వాడండి. అక్షరాలైనా బొమ్మలైనా పికోలోనే చుక్కలుగా గీసి, జీఎస్ వి 0 అనే బొమ్మ ఆదేశంతో పంపండి.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన లెక్క ఒకటుంది, కాస్త ఓపికగా చదవండి. ఎఫ్ఎక్స్-80 అచ్చువేసే వెడల్పు 8 అంగుళాలు. దాని పిన్నులు నిలువుగా అంగుళానికి 72 చొప్పున ఉంటాయి. 8ని 72తో గుణిస్తే 576. 80 మిల్లీమీటర్ల బిల్లు ప్రింటర్ హెడ్డులో మిల్లీమీటరుకు 8 చొప్పున 72 మిల్లీమీటర్ల పొడవునా ఉండే చుక్కలు కూడా సరిగ్గా 576. అంటే పాత ప్రింటర్ పేజీని 8 అంగుళాల నుంచి 72 మిల్లీమీటర్లకు కుదిస్తే, పాత హెడ్డులోని పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం కొత్త హెడ్డులో సరిగ్గా ఒక చుక్క అవుతుంది. ఎక్కడా భిన్నం మిగలదు. 11 అంగుళాల పేజీ 792 చుక్కలు, అంటే 99 మిల్లీమీటర్ల కాగితం. అంగుళంలో ఆరో వంతు ఉండే మామూలు పంక్తి ఎడం 12 చుక్కలు.

దీని అన్నగారు కూడా ఉన్నాడు. పాత ఫ్యాక్స్ యంత్రాల థర్మల్ హెడ్డుకు అడ్డంగా 1,728 చుక్కలు ఉంటాయి, ఫ్యాక్స్ ప్రమాణంలోనే ఆ అంకె ఉంది. అది 576కు సరిగ్గా మూడు రెట్లు. ఎఫ్ఎక్స్-80 కాగితాన్ని కదిలించే కనీస అడుగు అంగుళంలో 216వ వంతు, 8ని 216తో గుణించినా అదే 1,728. మొదట బిల్లు ప్రింటర్‌తో మొదలుపెట్టి, తర్వాత ఎప్పుడైనా ఎస్.పి. రోడ్డు పాత సామాను కొట్లలో ఫ్యాక్స్ హెడ్డు దొరికితే, అదే ప్రోగ్రాంలో మూడుతో గుణించడం ఒక్కటే మారుతుంది. అప్పుడు పేజీ దాదాపు అసలు పరిమాణంలో, ఆరు శాతం పెద్దదిగా వస్తుంది. ఫ్యాక్స్ హెడ్డుకు మోటారు, వేడి, విద్యుత్తు అన్నీ మీరే నడపాలి కాబట్టి దానితోనే మొదలుపెట్టమని మాత్రం నేను చెప్పను.

వేడి అన్నాను కాబట్టి, విడి హెడ్డు జోలికి ముందే ఎందుకు వెళ్లవద్దంటున్నానో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. 58 మిల్లీమీటర్ల చిన్న హెడ్డుల్లో ఒక్కో చుక్క దాదాపు 176 ఓముల రెసిస్టర్. 7.2 వోల్టుల దగ్గర అది 41 మిల్లీయాంపియర్లు లాగుతుంది. 64 చుక్కలు ఒకేసారి వెలిగితే 2.6 యాంపియర్లు, మొత్తం 384 వెలిగితే పదిహేను యాంపియర్లు దాటుతుంది. అందుకే హెడ్డును ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకు సెకనులో వెయ్యో వంతు లోపే వేడి ఇస్తారు, వేడిని కొలిచే థర్మిస్టర్ చూసి ఆ సమయం తగ్గిస్తూ పోతారు. ప్రోగ్రాం ఆ ముక్క దగ్గర ఆగిపోయిందంటే చుక్కలు కాలిపోతాయి, కాలిన చుక్క తిరిగి రాదు. బిల్లు ప్రింటర్‌లో ఈ కాపలా అంతా దాని లోపలి బోర్డు చూసుకుంటుంది. దానికి 24 వోల్టుల సొంత అడాప్టర్ వస్తుంది, బీబీసీ మైక్రో సరఫరా నుంచి ఒక్క మిల్లీయాంపియర్ కూడా తీసుకోకండి.

ప్రోగ్రాంలో హెడ్డు ఉన్న చోటును ఎలా గుర్తుపెట్టుకుంటారన్నది పని అందాన్ని నిర్ణయిస్తుంది. ఎఫ్ఎక్స్-80లో అడ్డ సాంద్రతలు చాలా ఉన్నాయి. ఎస్కేప్ కె అంగుళానికి 60, ఎస్కేప్ ఎల్ 120, ఎస్కేప్ జెడ్ 240, ఎస్కేప్ నక్షత్రంతో 72, 80, 90 కూడా. ఈ అన్నిటితోనూ భాగింపబడే అతి చిన్న సంఖ్య 720. అందుకని అడ్డంగా అంగుళంలో 720వ వంతులను, నిలువుగా 216వ వంతులను పూర్ణసంఖ్యలుగా లెక్కపెట్టుకుంటూ, చుక్క వేసే ఆఖరి క్షణంలో మాత్రమే 576 గడుల్లోకి మార్చండి. అంగుళానికి 10 అక్షరాల వెడల్పు అప్పుడు 72 అవుతుంది, 576 గడుల్లో చూస్తే 7.2. ఒక్కో అక్షరానికీ 7 అని గుండ్రం చేసేస్తే ఎనభయ్యో అక్షరం దగ్గరకు వచ్చేసరికి వరుస 16 చుక్కలు వెనకబడుతుంది. అక్షరాలతో గీసిన పట్టికల నిలువు గీతలు, బొమ్మల అంచులు ఒకదానికొకటి కలవవు.

పాత ప్రింటర్‌లో కాగితం కదలకుండా హెడ్డు మళ్లీ మొదటికి వచ్చి అదే వరుస మీద రెండోసారి కొట్టగలదు, చాలా ప్రోగ్రాములు లావు అక్షరాలను అలాగే రాబట్టుకున్నాయి. థర్మల్ కాగితం వెనక్కి రాదు కాబట్టి, ఒక వరుస రాగానే కాగితం మీద పెట్టేయకండి. పికో స్మృతిలో ఒక పట్టీ ఉంచుకుని, కొత్త బైట్లు వచ్చేకొద్దీ దానిమీదే చుక్కలు కలుపుతూ, కాగితం ముందుకు కదిలే ఆదేశం వచ్చినప్పుడు దాటిపోయిన వరుసలను మాత్రం బయటికి పంపండి. 576 వెడల్పుకు 12 వరుసల పట్టీ 864 బైట్లే. పికోలో 264 కిలోబైట్ల స్మృతి ఉంది కాబట్టి 64 కిలోబైట్లు వచ్చే బైట్ల బఫరుకు ఇచ్చేయండి, నాన్నగారి ప్రోగ్రాముల్లో ఏదైనా ఆ బఫరులో మొత్తంగా పడుతుంది. ప్రింటర్ ఇంకా అచ్చువేస్తుండగానే కంప్యూటర్ ఖాళీ అవుతుంది.

పంక్తి మార్పు దగ్గర బీబీసీ మైక్రోకు ఒక సొంత అలవాటు ఉంది. అది లైన్ ఫీడ్, అంటే 10వ కోడును, మామూలుగా ప్రింటర్‌కు పంపదు. ఆ కాలపు ప్రింటర్లు క్యారేజ్ రిటర్న్, అంటే వరుస మొదటికి వెళ్లమనే 13వ కోడు, రాగానే తామే పంక్తి దించేలా స్విచ్చు పెట్టుకునేవి కాబట్టి, రెండుసార్లు దిగకుండా అలా చేశారు. మీ కొత్త పెట్టె నియమం ప్రకారం క్యారేజ్ రిటర్న్‌కు కాగితం కదల్చకపోతే, లిస్టింగు మొత్తం ఒకే పంక్తి మీద నల్లటి కట్టగా పడుతుంది. *ఎఫ్ఎక్స్6,0 అని కొడితే లైన్ ఫీడ్‌లు వస్తాయి. అయినా పెట్టెకు ఒక చిన్న స్విచ్చు పెట్టి, 13 రాగానే పంక్తి దించాలా వద్దా అన్నది దానితో తేల్చుకోండి. పాత ప్రోగ్రాములు రెండు రకాలవీ ఎదురవుతాయి.

అదే అలవాటు బొమ్మల దగ్గర కూడా అడ్డుపడవచ్చు. బొమ్మ బైట్లలో 10 విలువ ఉన్నదాన్ని కంప్యూటర్ మింగేస్తే, ఆ వరుసలో మిగతాదంతా ఒక చుక్క ఎడమకు జరుగుతుంది, లెక్క తగ్గినందువల్ల తర్వాతి ఆదేశంలోని మొదటి బైటు బొమ్మలో భాగమైపోతుంది, ఆపైన అంతా చెత్త. ప్రతి బైటుకు ముందు వీడీయూ 1 పెట్టి పంపితే 10 కూడా క్షేమంగా చేరుతుంది. తెరబొమ్మ వరుసల మధ్య ఉన్నట్టుండి అక్షరాల చెత్త వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఆదేశాల్లో మీరు తప్పక అమలుచేయాల్సినవి చాలా తక్కువ. తిరిగి మొదటి స్థితికి తెచ్చే ఎస్కేప్ @, పంక్తి ఎడం చెప్పే ఎస్కేప్ 0, 2, 3, ఎ, వెంటనే కాగితం జరిపే ఎస్కేప్ జె, బొమ్మలకు కె, ఎల్, వై, జెడ్, నక్షత్రం, అక్షరాల లావుకు ఇ, ఎఫ్, ఏటవాలుకు 4, 5, కింది గీతకు ఎస్కేప్ హైఫన్, వెడల్పు అక్షరాలకు 14, 20 కోడులు. మిగతావాటిలో ఒక్కోటి ఎన్ని అదనపు బైట్లు తీసుకుంటుందో పట్టిక రాసుకుని, ఆ బైట్లను మింగి ఊరుకోండి. ఆదేశాన్ని అమలుచేయకపోయినా నష్టం కొద్దిగానే ఉంటుంది, దాని బైట్ల లెక్క తప్పితే మాత్రం పేజీ అంతా పాడవుతుంది.

లిస్టింగుల విషయంలో ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఎనభై అక్షరాల వరుసను 72 మిల్లీమీటర్లలోకి కుదిస్తే పెద్ద అక్షరం ఎత్తు 7 చుక్కలు, అంటే 0.875 మిల్లీమీటర్లు. మీ నాన్నగారి వయసువారు అది చదవలేరు, నేనూ చదవలేను. అందుకని రెండో స్విచ్చు ఒకటి పెట్టుకుని, దాన్ని తిప్పితే 12 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు ఉన్న అక్షరాలతో వరుసకు 48 చొప్పున అచ్చయ్యేలా చేయండి. 48ని 12తో గుణిస్తే మళ్లీ అదే 576. తెరమీద 40 అక్షరాలకు పంక్తి విరిగినట్టు కనిపించినా ఆ విరుపు ప్రింటర్‌కు రాదు, కాబట్టి 48 దగ్గర పంక్తి విరవడం మీ ప్రోగ్రాం పనే. కుదింపు పద్ధతిని బొమ్మలకు ఉంచుకోండి.

పికో నుంచి బిల్లు ప్రింటర్‌కు దారి సీరియల్ పోర్టు అయితే సులభం, మధ్యలో మ్యాక్స్3232 చిప్పు ఒకటి చాలు. కొనేటప్పుడు సీరియల్ ఉన్నదే అడగండి, యూఎస్‌బీ మాత్రమే ఉన్నది తీసుకుంటే పికోను యూఎస్‌బీ హోస్టుగా నడిపే పని అదనంగా పడుతుంది. వేగం చాలా ముఖ్యం. ఒక చుక్కల వరుస 72 బైట్లు. 9,600 బాడ్ దగ్గర సెకనుకు 13 వరుసలే వెళతాయి, కాగితం సెకనుకు రెండు మిల్లీమీటర్లు కూడా కదలదు. మోటారు ప్రతి వరుసకూ ఆగి కదులుతుంటే పళ్లచక్రాల సందు వల్ల సన్నటి తెల్ల గీతలు పడతాయి. 115,200 బాడ్ పెడితే సెకనుకు 160 వరుసలు, అంటే 20 మిల్లీమీటర్లు. అలా పెట్టినా ఒక్కో వరుస విడిగా పంపకుండా కనీసం 24 వరుసలను ఒకే జీఎస్ వి 0 ఆదేశంలో పంపండి.

చివరిగా మీరు ఎక్కువ ఆశతో అడిగిన తెలుగు ఎక్కాల పట్టిక. నాన్నగారు వీడీయూ 23తో 224 నుంచి మొదలయ్యే కోడులకు ఎనిమిది బైట్ల చొప్పున తెలుగు అక్షరాల ఆకారాలు ఇచ్చి ఉంటారు. ఆ ఆకారాలు తెరకు మాత్రమే తెలుసు. ప్రింటర్‌కు వెళ్లేది కోడు ఒక్కటే, ఎఫ్ఎక్స్-80లో 160 పైనున్న కోడులు ఏటవాలు ఇంగ్లీషు అక్షరాలవి. అందుకని తెరమీద 225లో ‘క’ ఉంటే పాత ప్రింటర్ కాగితం మీద ఏటవాలు చిన్న ‘ఎ’ కొట్టి ఉంటుంది. నాన్నగారిని అడిగి చూడండి, ఆ రోజుల్లో ఆయనకు ఇది ఎదురయ్యే ఉంటుంది. మీ సొంత పెట్టెలో దీనికి మంచి మార్గం ఉంది. ఆయన ప్రోగ్రాంలోని వీడీయూ 23 పంక్తుల్లో ఉన్న ఎనిమిదేసి సంఖ్యలను తీసి, పికోలో 224 నుంచి 255 వరకు ఉన్న గడుల్లో పెట్టేయండి. ఇక కంట్రోల్-బి నొక్కితే ఆ కోడులకు తెలుగు అక్షరాలే పడతాయి. తెలుగు అక్షరాల విషయంలో సొంత పెట్టెకు ఒక మేలు ఉందని మొదట్లో అన్నది ఇందుకే.

తెర మొత్తాన్ని బొమ్మగా తీయాలంటే దాన్ని అడ్డంగా తిప్పి తీయమని నా సలహా. మోడ్ 4 తెర 320కి 256 చుక్కలు. 256ను రెండింతలు చేస్తే 512, అది 576లో హాయిగా ఇముడుతుంది. 320 రెండింతలైతే 640 వరుసలు, 80 మిల్లీమీటర్ల కాగితం. 64కు 80 మిల్లీమీటర్ల ఆ బొమ్మ నిష్పత్తి, బీబీసీ మైక్రో గీతల లెక్కలో వాడే 1,024కు 1,280 నిష్పత్తితో సరిగ్గా కలుస్తుంది కాబట్టి వృత్తాలు వృత్తాలుగానే వస్తాయి. తెరబొమ్మను ప్రింటర్‌కు పంపే డంపు ప్రోగ్రాంలో ఎస్కేప్ ఎ 8తో ఎడం పెట్టి, ఒక్కో విడతకు ఎస్కేప్ నక్షత్రం 5, ఆ తర్వాత 0, 2 పంపండి, ఆ రెండు బైట్లకూ 512 అని అర్థం. అలాంటి విడతలు 80. ఎస్కేప్ కె వాడితే అంగుళానికి 60 చుక్కలు 72లోకి సాగి, ప్రతి ఐదో చుక్క లావుగా పడుతుంది. డంపు ప్రోగ్రాం బేసిక్‌లో, చుక్క రంగు చెప్పే పాయింట్ ఆదేశంతో 81,920 చుక్కలు చదవాలి కాబట్టి కొన్ని నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టండి.

పికోకు ఒక ఎస్‌డీ కార్డు గూడు కూడా టంకం వేసి, కంప్యూటర్ నుంచి వచ్చిన ప్రతి బైటునూ మార్పు లేకుండా అందులో రాయించండి. థర్మల్ కాగితం వేడికి, వెలుతురుకు, ప్లాస్టిక్ కవర్లలోని రసాయనాలకు వెలిసిపోతుంది. నేను 2009లో తీసిన కొన్ని కాగితాలు ఇప్పుడు ఏటవాలుగా వెలుగులో పట్టుకుంటే తప్ప కనిపించడం లేదు. నాన్నగారి పట్టిక అచ్చయిన రోజే మామూలు కాగితం మీద జిరాక్స్ తీయించి, అసలును కాగితపు కవరులో, చీకటిగా ఉండే అరలో పెట్టండి. బైట్లు కార్డులో ఉంటే, ఫ్యాక్స్ హెడ్డు దొరికిన రోజున అదే పట్టికను కంప్యూటర్ వెలిగించకుండానే పెద్దగా మళ్లీ తీసుకోవచ్చు.

బిల్లు ప్రింటర్ కొనేటప్పుడు కొట్టులోనే ఫీడ్ మీట నొక్కి పట్టుకుని ఆన్ చేయించండి. వచ్చే పరీక్ష కాగితంలో సీరియల్ వేగం ఉంటుంది, కొన్నింటిలో అడ్డ చుక్కల సంఖ్య కూడా ఉంటుంది. 80 మిల్లీమీటర్ల కాగితం తీసుకునే కొన్నింటిలో చుక్కలు 512 మాత్రమే ఉంటాయి. మీకు 576 ఉన్నదే కావాలి.